తిరిగి రాని పళ్లేలు

మొరాకోలోని మా ఫెస్ నగరం పాతబస్తీ సందులో ఖాళీ పళ్లెం తిప్పి పంపడం మర్యాద కాదు. శుక్రవారం గోధుమరవ్వతో కుస్కుస్ వండితే ఇరుగుపొరుగుకి ఒక పళ్లెం వెళ్తుంది. తిరిగొచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి ఉండాలి, నాలుగు ఖర్జూరాలైనా సరే.

ఎదురింటి పెద్దావిడ లల్లా జహూర్‌కి పంపిన పళ్లేలు మాత్రం అక్కడే ఉండిపోయేవి. భర్త పోయి ఒంటరిగా ఉంటోందని జాలిపడి, ప్రతి శుక్రవారం తలుపు తట్టి, పళ్లెం చేతిలో పెట్టి, ఆగకుండా వచ్చేసేదాన్ని. ఆవిడకి మనుషులంటే పడదని సందంతా అనుకునేది. నేనూ అదే నమ్మాను. చివరికి మా అత్తగారి నీలం పళ్లెం కూడా రాకపోయేసరికి నాకు ఒళ్లు మండింది.

"పోయి అడుగు. నువ్విక్కడ సణిగితే పళ్లెం నడిచొస్తుందా?" అన్నాడు మా ఆయన ఇద్రీస్.

వెళ్లాను.

"రా తల్లీ, రా! పళ్లెం కోసమేగా? వెతుకుతాలే, ముందు టీ తాగు," అంది లల్లా జహూర్. గ్లాసు ఖాళీ కాకముందే మళ్లీ పుదీనా టీ నింపింది. పోయిన భర్త గురక గురించి చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది. పళ్లెం మాట ఎత్తితే మాత్రం, "ఎక్కడ పెట్టానో ఏమో!" అంటుంది. విసుగొచ్చి నేనే అలమర తెరిచాను. మా పళ్లేలన్నీ తళతళా తోమి, గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"ఏంటి లల్లా, ఇక్కడే పెట్టుకుని నన్ను ఆడిస్తున్నారా?"

ఆమె ముఖం చిన్నబోయింది.

"ఇచ్చేస్తే నువ్వు మా గడప ఎందుకు తొక్కుతావు తల్లీ? అడగడానికైనా వస్తావని దాచాను. రావడానికి ఇన్నాళ్లు పట్టింది నీకు."

నాకు చచ్చేంత సిగ్గేసింది. మా ఇంట్లో అందరం ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని, ఎవరి వైపు నుంచి వాళ్లం తింటాం. కుస్కుస్ తినే తీరే అది. ఆమె వాటా మాత్రం విడిగా తీసి గుమ్మం దగ్గర ఇచ్చేసి, అదే గొప్ప పుణ్యం అనుకున్నాను.

"ఇక మీకు పళ్లెం పంపను లల్లా," అన్నాను.

ఆమె తల దించుకుంది. "నీ కోపం న్యాయమే."

"కోపం కాదు. శుక్రవారం మీరే రండి. నా పక్కన కూర్చోండి."

శుక్రవారం ఆమె మా ఇంటికి వచ్చింది. చేతుల్లో మా పళ్లేలన్నీ ఉన్నాయి. పైనున్న నీలం పళ్లెం నిండా ఖర్జూరాలు.

"తీసుకో తల్లీ, ఇంక వీటితో నాకేం పని," అని నా పక్కన కూర్చుంది.