చివర నలభై ఆరు

సుమన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఈనె కాగితం మీదికి, కాయ స్టీలు పళ్ళెంలోకి. పళ్ళేనికి ఆనించి ఆమె ఫోను బోర్లా పడి ఉంది.

ఎదురుగా కుర్చీలో అన్నయ్య ఫణీంద్ర తన ఫోనుతో కుస్తీ పడుతున్నాడు. నత్తనడక నడుస్తోందని పొద్దున్నే దాన్ని తనే మొత్తం చెరిపేసి కొత్తదానిలా చేసుకున్నాడు. తీరా చేశాక, ఇంతకు ముందు ఇందులో ఏ మెయిల్ వాడావో దాని పాస్‌వర్డ్ కొడితేగాని లోపలికి రానివ్వనని మొండికేసింది.

అతను కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకి మేత అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. భీమవరంలో మేనేజరు పోస్టు ఇస్తామని కంపెనీ మెయిల్ పెట్టింది. ఒప్పుకుంటున్నట్టు, ఫోను అడుగుతున్న ఆ మెయిల్ నుంచే మధ్యాహ్నంలోగా జవాబు వెళ్ళాలి. వెళ్ళకపోతే పోస్టు కైకలూరులో పనిచేసే వీరేంద్రది.

“ఆఁ, అలాగేనండీ. భోజనాల వేళకి పంపేస్తానండీ. ఫోనే కొంచెం... ఆఁ, ఉంటానండీ,” అని అమ్మ బటన్ల ఫోనులో ఆఫీసుకి చెప్పి, దాన్ని బల్ల మీద పడేశాడు.

“ఏవే, పాస్‌వర్డ్ ఏం పెట్టావు?”

“నేను పెట్టింది నువ్వు మార్చేసుకున్నావు కదన్నయ్యా, మీ అమ్మాయి పింకీ చూసేస్తోందని.”

“మర్చిపోయానే! మర్చిపోయానని నొక్కితే ఏదో నంబరుకి కోడ్ పంపుతానంటోంది. చివర నలభై ఆరట. ఎవరిదది?”

“నాదే.”

“నీదెందుకుంది?”

“ఫోను కొన్నప్పుడు అన్నీ నన్నే పెట్టమన్నావుగా. ఏదో ఒక నంబరు అడిగింది.”

“పోనీలే, ఇంట్లోనే ఉంది. నొక్కుతున్నా, చూసి చెప్పు.”

ఆడపిల్ల నంబరు ఊరందరి చేతుల్లో పడకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. కాలేజీ అప్లికేషను దగ్గర్నుంచి బ్యాంకు ఖాతా దాకా సుమనవి అన్నీ అన్నయ్య నంబరు మీదే ఉండేవి. ఆమె మెయిలూ అంతే.

కిందటేడు తాడేపల్లిగూడెంలో ఒక స్కూలుకి తెలుగు టీచరు ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. సంగతి మెయిల్లో చెబుతామన్నారు. ఆ వారంలోనే ఫణీంద్ర, బాగుచేసి ఇస్తానంటూ ఆమె ఫోను తీసుకుని మొత్తం చెరిపేశాడు. పాస్‌వర్డ్ గుర్తుకు రాక, అతని నంబరుకి కోడ్ పంపమని ఆమె నొక్కింది. అతని చేతిలో ఫోను వెలిగింది. ఆ వెలుగు అతని ముఖం మీద పడింది కూడా.

“కంపెనీ మెసేజు. కోడ్ రాలేదమ్మా,” అన్నాడు.

ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. చివరికి ఆమే గూడెం వెళ్ళింది. “మెయిల్ పెట్టాం కదమ్మా, మీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. వేరే అమ్మాయి చేరిపోయింది,” అన్నారక్కడ. అప్పట్నుంచి ఇంటికి చుట్టాలెవరొచ్చినా అమ్మ సీతారత్నం ఒకటే పాట: “చేతికొచ్చిన ఉద్యోగం బద్ధకంతో పోగొట్టుకుందండీ మా పిల్ల.”

ఓ రోజు పింకీకి పాటలు పెడదామని అన్నయ్య ఫోను తీస్తే, కోడ్‌లు కనబడ్డాయి. నొక్కినన్నీ వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. ఎందుకు దాచాడో ఆలోచించాల్సిన పని లేకపోయింది. వదిన ఇందు భీమడోలులో బ్యాంకు ఉద్యోగానికి పోతుంది. సుమన కూడా బస్సెక్కితే పింకీని స్కూలుకి దింపేదెవరు, తెచ్చేదెవరు? ఆమె ఫోను తీసిన చోటే పెట్టేసింది. ఎవరితోనూ అనలేదు. తర్వాత అతను కొత్త ఫోను కొని అన్నీ పెట్టివ్వమన్నప్పుడు, నంబరు అడిగిన చోట తన నంబరు కొట్టింది. ఎప్పుడు అవసరం పడుతుందో తెలియదు. తొందర మాత్రం లేదు.

ఇప్పుడు పళ్ళెం జర్రున అదిరింది.

సుమన ఫోను తిప్పి చూసి, మళ్ళీ బోర్లా పెట్టింది.

“రాలేదన్నయ్యా.”

“ఇప్పుడే చప్పుడైంది!”

“కంపెనీ మెసేజు.”

అతను మళ్ళీ నొక్కాడు. పళ్ళెం మళ్ళీ అదిరింది. సుమన పుచ్చిన కాయ ఒకటి ఏరి అవతల పారేసింది.

“రాలేదు.”

“అమ్మా! ఇది చూడవే, నా ఉద్యోగంతో ఆటలాడుతోంది!”

సీతారత్నం గరిటె పట్టుకునే వచ్చింది. “ఏవిటర్రా గోల?”

“కోడ్ వచ్చింది, చెప్పట్లేదు!”

“రాలేదంటోందిగా. రాకపోతే అదేం చేస్తుంది పాపం? ఆ రోజు దానికీ రాలేదుగా.”

“అలా ఉండదే అమ్మా! నొక్కిన మరుక్షణం వచ్చి తీరుతుంది. రాకపోవడమంటూ ఉండదు!”

“రాకపోవడమంటూ ఉండదూ?”

“ఉండదంటే ఉండదు!”

సీతారత్నం గరిటె దించింది. కొడుకు వైపు తిరిగింది.

“మరి ఆ రోజు దానికెందుకు రాలేదురా, ఫణీ?”

ఫణీంద్ర చూపు ఫోను మీదికి దించుకున్నాడు. వంటింట్లో పోపు మాడుతున్న వాసన వచ్చినా సీతారత్నం కదల్లేదు. సుమన తల వంచుకుని ఈనె తీస్తోంది.  ఇంకొంచెంసేపు ఇలాగే ఉంటే బాగుండుననుకుంది.

“చెల్లీ,” అన్నాడతను, గొంతు తగ్గించి. “టైమైపోతోందమ్మా. ఒక్కసారి చూసి చెప్పవే.”

మళ్ళీ నొక్కాడు. పళ్ళెం అదిరింది. సుమన చేయి తుడుచుకుని ఫోను తిప్పింది. కోడ్‌లు ఒకదాని కింద ఒకటి, ఆనాడు అతని ఫోనులో ఉన్నట్టే ఉన్నాయి. పై నుంచి కిందికి అన్నీ చదువుకుంది. అన్నయ్య కళ్ళలోకి చూసింది.

“రాలేదన్నయ్యా.”

అతను తల్లి వంక తిరిగాడు.  ఆమె వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చి, కూతురి ఎదురుగా చతికిలబడి, పిడికెడు చిక్కుడుకాయలు ఒళ్ళో పోసుకుంది.

ఫణీంద్ర ఫోను కుర్చీలోనే వదిలేశాడు. మేకుకున్న బండి తాళం తీసుకున్నాడు. గడప దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఎవరూ తలెత్తలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయాడు.