బీకన్ ఆపేసిన రోజు

విమానాశ్రయానికి ఆరు కిలోమీటర్ల అవతల, పొలాల మధ్య రేకుల కప్పు వేసిన ఒంటిగది షెడ్డు ఒకటుంది. పక్కనే ఎత్తైన ఇనుప స్తంభం. షెడ్డులోని ట్రాన్స్‌మిటర్, అంటే బీకన్, పగలూ రాత్రీ చేసే పని ఒక్కటే: రెండు అక్షరాలను చుక్కలుగా, గీతలుగా మార్చి గాలిలోకి వదలడం. ఆ సంకేతం ఎటునుంచి వస్తే విమానంలోని డయలు మీది ముల్లు అటు తిరిగేది. ఆ ముల్లును నమ్ముకుని పైలట్లు దట్టమైన మబ్బుల్లోంచి కూడా ఊరు చేరేవారు. ఇరవయ్యారేళ్లుగా ఆ షెడ్డు బాగోగులు చూస్తున్నావిడను అందరూ బీకనక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది.

బీకన్ ఆపేయమని ఉత్తరువు వచ్చినప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు. ఉపగ్రహాలు దారి చూపిస్తుంటే ఇనుప స్తంభాన్ని అడిగేదెవరు? ఉపగ్రహ సంకేతం ఎప్పుడైనా అందకపోతే పనికొస్తాయని కొన్ని పాత స్టేషన్లను మాత్రం ఉంచుతున్నారు. ఆ జాబితాను ఆమె రెండుసార్లు పైనుంచి కిందికీ, ఒకసారి కిందినుంచి పైకీ చదివింది. తన స్టేషన్ లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఆ రోజు చేయాల్సిన బ్యాటరీల తనిఖీకి లేచింది.

ఆ సాయంత్రం తమ్ముడి కూతురు వచ్చింది. ఆ పిల్ల సరుకులు మోసే చిన్న విమానం నడుపుతుంది. మేనత్త మొహం చూసి సంగతి కనిపెట్టేసి, ఆ రేడియో పెట్టె కోసం బెంగేమిటని ఆటపట్టించింది. బీకనక్క నవ్వలేదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పని గాలివాన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది.

అప్పటికి ఆమె ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్లు. మిట్టమధ్యాహ్నమే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది గానీ దాని డీజిల్ గొట్టం చిట్లింది. పైన ఎక్కడో ఒక రోగిని తీసుకొస్తున్న విమానం ఉందని విమానాశ్రయం కంట్రోల్ టవర్ వాళ్లు ఫోన్ చేశారు. ఆమె చిట్లిన చోట గుడ్డ చుట్టి, రెండు చేతులతో బిగించి పట్టుకుని నలభై నిమిషాలు కూర్చుంది. మోచేతుల దాకా డీజిలే. విమానం దిగిందని ఫోన్ మోగితే, ఎత్తడానికి వేళ్లు విచ్చుకోలేదు.

మర్నాడు ఆ పైలట్ షెడ్డుకే వచ్చాడు. బుర్రమీసాల పెద్దమనిషి. లోపలికి తొంగిచూసి, “నిన్న ఇక్కడ డ్యూటీలో ఉన్నాయన ఎక్కడమ్మా?” అన్నాడు.

“ఆయనెవరూ లేరండీ. నేనే.”

ఆయన నాలిక కరుచుకున్నాడు. తర్వాత బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఆమె పంపే సంకేతం పైన ఎలా కనిపిస్తుందో, గాలి తోస్తుంటే ముల్లును ఎలా చదవాలో బొమ్మలు గీసి మరీ చెప్పాడు. అన్నేళ్లూ తన పనిలో సగమే తెలుసుకున్నానని ఆమెకు ఆ రోజు అర్థమైంది. ఆయన పోయి నాలుగేళ్లవుతోంది.

అంతా విన్నాక మేనకోడలు ఆటపట్టించడం మానేసింది. సిమ్యులేటర్‌లో రెండుసార్లు ముల్లు పట్టుకుని వెళ్లానని, రెండుసార్లూ పాములా మెలికలు తిరిగానని చివరికి ఒప్పుకుంది.

“ముల్లు వెంట పడకే. గాలి ఎంత పక్కకి తోస్తోందో చూసుకుని, గాలికి ఎదురుగా ముక్కు కాస్త తిప్పి ఉంచు,” అంది బీకనక్క. ఆగి, మెల్లగా అడిగింది. “ఆపేసేలోగా ఒక్కసారి దీని సంకేతం పట్టుకుని రావే.”

ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదామె. పిల్ల తలూపింది.

మంగళవారం పొద్దున్న ఫ్లయింగ్ స్కూలు పాత విమానంలో, పక్కన శిక్షకుణ్ని కూర్చోబెట్టుకుని, జీపీఎస్ ఆపేసి బయల్దేరింది. బీకనక్క షెడ్డు బయట నిలబడింది. ఇంజను చప్పుడు మొదట బాగా ఎడమకు వినిపించింది. ఆమె పెదవి కొరుక్కుంది. కాసేపటికి చప్పుడు సర్దుకుని, తిన్నగా దగ్గరికొచ్చి, సరిగ్గా స్తంభం మీదుగా దాటిపోయింది.

మధ్యాహ్నం పిల్ల షెడ్డుకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“తలమీదకి రాగానే ముల్లు గిరుక్కున వెనక్కి తిరిగిందత్తా. కిందికి చూస్తే నువ్వున్నావు. ఇన్నాళ్లూ తెర చూసుకుంటూ వెళ్లిపోయేదాన్ని. కింద మనకోసం ఓ మనిషుంటుందని ఎప్పుడూ అనిపించలేదు.”

బీకనక్క గుమ్మం దగ్గరి గోనెసంచి వైపు చూపించింది. “బురద కాళ్లు తుడుచుకుని లోపలికి రా,” అంది.

గురువారం పదకొండింటికి టవర్‌కు ఫోన్ చేసింది. ఈ బీకన్ మీద ఆధారపడ్డ విమానం ఏదీ లేదనీ, ఆపేయొచ్చనీ చెప్పారు. స్విచ్చి దించగానే ఫ్యాన్ నెమ్మదించి ఆగిపోయింది. పైన ఎండకు రేకులు చిటపటమనడం ఇన్నేళ్లలో మొదటిసారి వినిపించింది. ఏడుపొస్తుందని కాసేపు ఎదురుచూసింది. ఆకలేసింది. డబ్బా విప్పుకుని తినేసి, లాగ్ పుస్తకంలో టైము రాసి సంతకం పెట్టింది. వెళ్లే ముందు ట్రాన్స్‌మిటర్ మీద చెయ్యి ఆనించి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

మరుసటి నెల నుంచి అరవై కిలోమీటర్ల అవతల, జాబితాలో ఉంచిన ఒక పాత స్టేషన్‌కు ఆమెను బదిలీ చేశారు. మేనకోడలు తన కంపెనీ పెద్ద పైలట్ వెంటపడి, తమ పైలట్లందరూ నెలకోసారి జీపీఎస్ లేకుండా ఆ స్టేషన్ సంకేతం పట్టుకుని ఎగిరేలా ఒప్పించింది. ఒప్పుకునేదాకా ఆయన్ని టీ కూడా తాగనివ్వలేదట.

కొత్తచోట ఇన్‌చార్జి ఆమెకన్నా ఇరవయ్యేళ్లు చిన్న. మొదటి రోజే కుర్చీ తుడిచి వేసి, ఎలుకలు కేబుళ్లు కొరికేస్తున్నాయనీ, ఎన్ని మందులు పెట్టినా పోవడం లేదనీ మొరపెట్టుకున్నాడు. బీకనక్క కుర్చీలో కూర్చోలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, టార్చిలైటు ఎక్కడుందని అడిగింది.