బురద నడిమి దారి

వేసవి మొదలై పది రోజులైతే, తొమ్మిది రోజులు వానే. పదో రోజున నా గైడు పరీక్ష.

కొండ మీది రాతిగుడిసె దాకా నలుగురిని తీసుకువెళ్ళి క్షేమంగా దింపాలి. వెనకాలే ఒక పెద్ద గైడు నోరు మెదపకుండా నడుస్తూ పుస్తకంలో రాసుకుంటాడు. నలుగురిలో ఏ ఒక్కరు ఫిర్యాదు రాసినా ఆ ఏడాదికి గైడు బిళ్ళ రాదు. బిళ్ళ రాకపోతే మళ్ళీ కిటికీ వెనక కూర్చుని టికెట్లు చింపివ్వడమే. అప్పటికే మూడేళ్ళుగా చింపుతున్నాను.

నా వంతుకొచ్చిన నలుగురు ఇద్దరు నర్సులు, ఒక బ్యాంకు ఆఫీసరు, ఆయన భార్య. పుస్తకం పట్టుకుని నా వెనక వచ్చిన పెద్ద గైడు మా మావయ్య. "మా అక్క కూతురు నోట్లో నాలుక లేని పిల్ల, జనాన్నేం నడిపిస్తుంది?" అని బిళ్ళలిచ్చే కమిటీలో అన్నదీ ఆయనే.

రెండో మలుపు దగ్గర దారంతా బురద. పక్కనే పచ్చటి గడ్డి. ఎవరికైనా కాలు అటే లాగుతుంది. ఒకరు గడ్డి తొక్కితే వెనకవాళ్ళూ అక్కడే తొక్కుతారు. గడ్డి చచ్చి అదీ బురదవుతుంది, మళ్ళీ ఇంకో అడుగు పక్కకు. నేను పనిలో చేరినప్పుడు అక్కడ రెండడుగుల బాట. ఇప్పుడు లారీ పడుతుంది. కింది వైపు మట్టి కోసుకుపోయి చెట్ల వేళ్ళు బయటపడ్డాయి. మా గైడులందరూ "మధ్యలో నడవండి" అనే చెబుతారు. చెబుతూ, తమ బూట్లు చూసుకుని, ముందు వాళ్ళే పక్కకు తప్పుకుంటారు.

"ఇక్కణ్ణుంచి అందరూ మధ్యలోనే రావాలండీ," అని నేను బురదలోకి దిగాను. పిక్కల దాకా చల్లగా పట్టుకుంది.

"మేం ఆస్పత్రిలో ఇంతకన్నా ఘోరమైనవే తొక్కాం," అంటూ ఇద్దరు నర్సులూ దిగిపోయారు.

బ్యాంకు ఆఫీసరు మాత్రం గడ్డి మీదే నిలబడ్డాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారమ్మా పెద్దలు."

"ఆ పెద్దలు కొండెక్కడానికి రాలేదేమో సార్."

ఆయన భార్య ఫక్కున నవ్వి తనూ దిగింది. "రండి, ఎలాగూ ఉతికేది నేనేగా."

ఆయన కదల్లేదు. వెనక్కి వేలు చూపించాడు. "ముందు మీ పెద్దాయనకి చెప్పు."

మావయ్య గడ్డి మీద ఉన్నాడు. చంకలో పుస్తకం, కాళ్ళకు తళతళలాడే బూట్లు.

నేను ఆయన వైపు తిరిగాను. "మావయ్యా, గడ్డి దిగు."

"నన్నేనా? నీకు కొండెక్కడం నేర్పినవాణ్ణే!"

"నేర్పింది నువ్వే. అందుకే నేనూ చాలాకాలం గడ్డి మీదే నడిచాను."

"పెద్దవాళ్ళతో మాట్లాడే తీరేనా ఇది?" ఆఫీసరు మావయ్య చంకలోంచి పుస్తకం లాక్కుని గబగబా రాశాడు. "గైడు దురుసు మనిషి. కావాలని బురదలో నడిపించింది."

మావయ్య నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "సారీ చెప్పెయ్యవే, రాసింది ఆయనే కొట్టేస్తాడు. ఒక్క మాటకి ఏడాది పోగొట్టుకుంటావా?"

టికెట్ల కిటికీ కళ్ళ ముందు మెదిలింది. మధ్యాహ్నం దాని రేకు ఎంత కాలుతుందో నా మోచేతికి తెలుసు.

పుస్తకం తీసుకుని రెండుసార్లు చదివాను. "ఇందులో అబద్ధం ఏముంది మావయ్యా?"

కింద రాశాను. "నిజమే. దిగేటప్పుడు కూడా ఇలాగే నడిపిస్తాను." సంతకం పెట్టాను.

"అయితే బిళ్ళ పోయినట్టే," అన్నాడు మావయ్య.

"పోయింది. గుడిసె ఇంకా అక్కడే ఉంది." ఆఫీసరు వైపు తిరిగాను. "సార్, ఇంకొక్క అడుగు గడ్డి మీద పడిందంటే అందరం ఇక్కణ్ణుంచే వెనక్కి. కావాలంటే అది కూడా రాసుకోండి."

"మీ ఒక్కరి బూట్ల కోసం మా అందరి సెలవూ పాడుచేస్తారా?" అంది ఒక నర్సు.

భార్య చెయ్యి చాపింది. ఆయన పళ్ళు కొరుకుతూ కాలు కింద పెట్టాడు. చప్పున మోకాలి దాకా దిగబడింది.

నేను ముందుకు నడిచాను. కాసేపటికి వెనక్కి తిరగకుండానే అరిచాను.

"మావయ్యా, దిగావా?"

"దిగి చచ్చానే, నడు!"