మీటలున్న పలక

పదకొండో దిమ్మ నున్నగా జారి వచ్చింది. జగ్గారావు దానికి కొక్కెం తగిలించి, ఒంటిని వెనక్కి వాల్చి, తడి గచ్చు మీదుగా యంత్రం నోటి దాకా ఈడ్చాడు. గరగరమని నలిగిన ఐసు అవతలి పక్క బుట్టల్లోకి దూకింది. బయట తెల్లవారుతోంది. ఒడ్డుకు వచ్చిన పడవల కోసం రెండు ఆటోలు గుమ్మం ముందు కాచుకుని ఉన్నాయి.

ముప్పై ఒక్క ఏళ్లుగా అతనిది ఇదే పని. దిమ్మలు లాగి లాగి కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్లు కిందికి దిగింది. మనిషి పొడుగే గానీ, నడుస్తుంటే ఎవరి మాటో వినడానికి వంగినట్టు ఉంటాడు. వేలికొసలు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. గీతలు అరిగిపోయాయి. రేషను డిపోలో పది వేళ్లూ మార్చి మార్చి పెట్టినా యంత్రం అతణ్ని గుర్తుపట్టదు. చివరికి కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటాడు. "నా ఏళ్లకే నానెవుడినో తెల్దు" అని నవ్వుతాడు.

ఎనిమిదింటికి రబ్బరు బూట్లు విప్పి, గోనెపట్టా మడిచి, యజమానికి చెప్పి బయటికి వచ్చాడు. ఇవాళ అతను బరంపురం వెళ్లాలి.

పైడయ్య అప్పటికే తన ఇంటి అరుగు మీద తయారుగా కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద కొత్త తువ్వాలు, చేతిలో కర్ర. ఒకప్పుడు ఒడిశా తీరంలోని ఈ పొడంపేట నుంచి వేటకు వెళ్లే పడవల్లో అతని పడవే ముందుండేది. షుగరు ముదిరి ఐదేళ్ల కిందట రెండు కళ్లూ పోయాయి. జగ్గారావు భార్య నీలమ్మకు అన్న, అతనికి బావ.

నీలమ్మ చేపల గంప దించి, ఇద్దరికీ చెరో గ్లాసు గంజి ఇచ్చింది.

"ఇద్దరు ముసిలోళ్లు పలక కొనుక్కోడానికి ఎల్తన్నారు. అలాగే బళ్లో పేరు కూడా రాయించుకొని రండి" అంది.

"నాకు గుడ్డి బడి కావాల. ఈడికి ఏ బళ్లో సీటిస్తారో మరి" అన్నాడు పైడయ్య.

ఇరవై ఏళ్ల వయసులో జగ్గారావు ఒక్క వేట కాలం పైడయ్య పడవ ఎక్కాడు. అల మీద అల లేచినప్పుడల్లా పేగులు నోట్లోకి వచ్చేవి. వారంలో మనిషి సగమయ్యాడు. చేపలు పట్టే వాడబలిజ కులంలో పుట్టి సముద్రం పడని కుర్రాడని ఊరంతా నవ్వింది. పైడయ్య నవ్వలేదు. ఒకరోజు పడవను మధ్యలోనే ఒడ్డుకు తిప్పి, అతణ్ని దింపి, "నీకు నేల మీద పని సూత్తాను" అన్నాడు. అన్నట్టే ఐసు ఫ్యాక్టరీలో పెట్టించాడు. మరో రెండేళ్లకు తన చెల్లెలినీ ఇచ్చాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

జగ్గారావు ఐదో తరగతి దాకా తెలుగు చదివాడు. కేరళకు వలస పోయినవాళ్ల ఉత్తరాలు మొదట్లో అతనే అందరికీ చదివి పెట్టేవాడు. బావకు చూపు పోయాక సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, ఎండుచేపలు కట్టి వచ్చిన పాత వారపత్రికల కాగితాలు చదవసాగాడు. కథ సగంలో కాగితం చిరిగిపోయి ఉండేది. తరవాత ఏటయిందని పైడయ్య గోల పెట్టేవాడు. జగ్గారావు తనకు తోచిన ముగింపు కట్టి చెప్పేవాడు. అతని కథల్లో అందరూ చివరికి ఇంటికి వచ్చేసేవారు.

తరవాత బరంపురంలో పాత పుస్తకాలు వెతికి తెచ్చాడు. కొన్ని తుపానులో నాని ముద్దయిపోయాయి. మిగిలిన వాటిలో అక్షరాలు ఈ మధ్య చీమల్లా కదులుతున్నాయి. ఫోనులో చదివితే కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అక్షరం ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దదయ్యే పలక ఉంటుందని, దాని తెర కాగితంలాగే ఉంటుందని ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఇద్దరికీ అదే ధ్యాస.

హుమ్మ దాకా ఆటో, అక్కణ్నుంచి బస్సు. ఛత్రపురం దాటేసరికి పైడయ్య నలుగురితో స్నేహం చేసి, ఒడియాలో వాళ్లందరికీ తాము ఏం కొనబోతున్నారో చెప్పేశాడు.

బరంపురం గిరి రోడ్డులో ఫోన్ల కొట్టు నడుపుతున్న సుమిత్ ముప్పై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేసి, గాజుబల్ల మీద రెండు పలకలు పెట్టాడు. ఒకటి నల్లది, కొత్తది. రెండోది బూడిద రంగుది. ఎవరో వాడి మార్చుకున్నది. దాని కుడి అంచున రెండు మీటలు ఉన్నాయి.

"నల్లది తీసుకోండి, మౌసా. లోపల దీపం ఉంది. నీళ్లలో పడినా ఏమీ కాదు. బూడిదదానికి ఆ రెండూ లేవు" అన్నాడు సుమిత్ ఒడియాలో, బాబాయి వరస కలిపి.

జగ్గారావు చేతులు తుడుచుకుని నల్లదాన్ని పట్టుకున్నాడు. 'స్త్రీ' అన్న మాట చూశాడు, 'రాష్ట్రం' అన్న మాట చూశాడు. ఒత్తులన్నీ ముత్యాల్లా కుదిరాయి. అక్షరం పెద్దది చేయించుకున్నాడు. చాన్నాళ్ల తరవాత మొదటిసారి కళ్లు చికిలించకుండా ఒక వాక్యం చివరి దాకా చదివాడు. అతని ముఖం విప్పారింది.

"ఇప్పుడు పేజీ తిప్పండి. ఇలా తాకితే చాలు."

జగ్గారావు తాకాడు. పేజీ కదల్లేదు. గట్టిగా నొక్కాడు. చూపుడు వేలు మార్చి బొటనవేలు, అది మార్చి ఉంగరపు వేలు పెట్టాడు. పలక అతను ఎదురుగా లేనట్టే ఉండిపోయింది. సుమిత్ చిటికెన వేలు తగిలితే మాత్రం రెండు పేజీలు తిరిగాయి.

"ఏటైనాది?" అన్నాడు పైడయ్య.

"రేషను డిపో అయినాది" అన్నాడు జగ్గారావు.

బూడిదదాన్ని తీశాడు. కాస్త బరువు. అక్షరాలు కొంచెం లావు. ఒత్తులు కింది వరుసను రాసుకుంటున్నాయి గానీ, తప్పు లేకుండా ఉన్నాయి. మీట నొక్కాడు. టిక్కుమంది. పేజీ మారింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ మారింది.

పైడయ్య చెయ్యి చాపి దాన్ని తీసుకుని అంచులన్నీ తడిమాడు, బరువు చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "టిక్కుమంటే నాకు కూడా తెలుస్తాది, పేజీ అయిపోనాదని. మంచిదే" అన్నాడు.

సుమిత్ కాసేపు ఆలోచించి తన ఫోను తీశాడు. "ఇంకో దారి ఉంది, మౌసా. కళ్లు కనపడని ఆయన కోసమే అయితే ఇదే మేలు. తెలుగు ఇదే చదివి వినిపిస్తుంది. పక్కన ఎవరూ అక్కర్లేదు."

ఫోనులో ఒక ఆడగొంతు తెలుగు చదవసాగింది. ఎక్కడా తడబాటు లేదు. పైడయ్య తల ఒక పక్కకు వాల్చి వింటున్నాడు. జగ్గారావు గాజుబల్ల కింద వరసగా పెట్టిన వైర్ల వంక చూశాడు. సాయంత్రాలు గుర్తొచ్చాయి. చదవడం తప్ప ఆ అరుగు మీద తనకు వేరే పనేముంది? అయినా చెప్పాల్సింది చెప్పాడు.

"బావా, ఇదే తీసుకో. నాను పన్లో ఉన్నప్పుడు కూడా ఇనొచ్చు. రేపు నాను లేకపోయినా నీకు ఇనపడతాది."

పైడయ్య ఇంకాసేపు విన్నాడు. ఆ తరవాత అడిగాడు.

"ఇది ఊపిరి తియ్యదేటి?"

సుమిత్‌కు అర్థం కాలేదు.

"మడిసి సదివితే మజ్జిన ఊపిరి తీస్తాడు కదా. అప్పుడే నాను ఆలోసించుకుంటాను. ఇది ఎక్కడా ఆగదు. నాకు సోటే ఇవ్వదు." అతను జగ్గారావు వైపు తిరిగాడు. "ఇంకోటి. ఏడుపు ఒచ్చే సోట నువ్వు దగ్గుతావు. ఇదేటి దగ్గుతాదేటి?"

"నానెప్పుడు దగ్గినాను?"

"మొన్న కతలో ఆ పిల్ల రైలెక్కినప్పుడు మూడుసార్లు దగ్గినావు. గుడ్డోడిని గానీ సెవిటోడిని కాదురా."

జగ్గారావుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

బూడిదది తీసుకున్నారు. దీపం లేకపోతే ఏం, వాళ్లు చదివేది పగటి వెలుతురులో. నీళ్ల భయానికి సుమిత్ ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చాడు. ఇరవై తెలుగు పుస్తకాలు ఎక్కించి, ఎలా తెరవాలో రెండుసార్లు చూపించాడు. బస్సులో దాన్ని పైడయ్యే ఒళ్లో పెట్టుకున్నాడు. అడిగినా ఇవ్వలేదు.

ఊరు చేరేసరికి నాలుగయింది. చేతులు కడుక్కుని ఇద్దరూ అరుగు మీద చేరారు. పైడయ్య కోడలు కుమారి వల బాగు చేసుకుంటూ గుమ్మంలో కూర్చుంది. నీలమ్మ గంప తిరగేసి దాని మీద కూర్చుంది. సముద్రపు గాలి కొడుతోంది గానీ పేజీలు ఎగరడం లేదు. జగ్గారావు గొంతు సవరించుకుని మొదటి వాక్యం చదివాడు. ఆగాడు. ఊపిరి తీశాడు. పైడయ్య తల ఊపాడు. పొద్దు వాలి అక్షరం కనపడనంత వరకూ టిక్కు టిక్కుమంటూ ఆ పుస్తకం సాగింది.

ఆ తరవాత మూడు నెలలు అలాగే గడిచాయి. నాలుగు పుస్తకాలయ్యాయి. జగ్గారావు పని నుంచి వచ్చే నడకలో కాస్త వేగం పెరిగిందని నీలమ్మ కనిపెట్టింది.

వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున, తొమ్మిదో దిమ్మ యంత్రంలో వేశాక అతను కాస్త కూర్చుంటానని ఐసు మీద కప్పే పొట్టు బస్తా మీద కూర్చున్నాడు. గోడకు తల ఆన్చాడు. ఎన్నడూ మధ్యలో కూర్చోని మనిషి కదా అని ఆటోవాళ్లు కాసేపు లేపలేదు. లేపేటప్పటికి ఒళ్లు చల్లగా ఉంది. ఐసులో పనిచేసేవాడి ఒళ్లు ఎప్పుడూ అంతేననుకుని ఇంకా రెండుసార్లు పిలిచారు.

దినకర్మలయ్యాయి. పైడయ్య సాయంత్రాలు అరుగు మీద ఒక్కడే కూర్చునేవాడు. పదిహేనో రోజున నీలమ్మ పలకను పెట్టెలోంచి తీసి, కొంగుతో తుడిచి, అన్న పక్కన పెట్టింది.

"ఆగిన కాడ అలాగే ఉన్నాదన్నయ్యా" అంది.

కుమారి సోంపేట పక్క పిల్ల, తెలుగు బళ్లో ఏడు దాకా చదివింది. వల పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది, ఒత్తు దగ్గర ఆగింది, తప్పు చదివి మళ్లీ మొదలుపెట్టింది. సిగ్గుతో, "నాకు జగ్గారావు మావలాగ రాదు" అంది.

"నెమ్మదిగా సదువమ్మా. నాకేటి తొందర" అన్నాడు పైడయ్య. చాలా రోజుల తరవాత కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

రెండు పేజీలు అయ్యేసరికి పొయ్యి మీద అన్నం పొంగింది. కుమారి పరుగెత్తింది. పలక అరుగు మీదే ఉండిపోయింది. దాని తెర మీద, కింది మూలన, కుమారి వేళ్ల నుంచి అంటిన చిన్న చేప పొలుసు ఒకటి ఎండకు మెరుస్తోంది.