పన్నెండో పడవ

ఎనిమిదో పడవకు ఎర్రగీత గీసి, స్టాండును బల్ల చివరకు జరిపి, తొమ్మిదోదాన్ని ముందుకు లాక్కున్నాడు గీతలాయన. మణికట్టును స్టాండు కింది దిమ్మె అంచుకు ఆనించి, చిటికెన వేలిని అందులో తొలిచిన గుంటలో పెట్టాడు. కుంచె మొన వెళ్ళి పడవ అంచు మీద వాలింది. ఎడమచేత్తో పడవ కింది బిరడాను తిప్పుతుంటే గీత తనంతట తానే చుట్టూ తిరిగింది.

పడవ వేలి గోరంత. ఓడల కంపెనీ ఆఫీసులో పెట్టే నమూనా ఓడకు ఇలాంటివి పన్నెండు కావాలి. కంపెనీ ఆఫీసరు నాలుగింటికి చూడటానికి వస్తున్నాడు. “ఒకటి మిగల్చు బాబాయ్, ఆయన ముందే గీద్దువుగాని,” అన్నాడు యజమాని పొద్దున. పాత యజమాని కొడుకు అతను. సరేనన్నాడు గీతలాయన.

స్టాండ్లు ఇంట్లో చేసుకున్నవే. బట్టలారేసే చెక్క క్లిప్పు, దాని కింద పుల్ల, పుల్ల కింద సీసా బిరడా, అన్నిటికీ కింద దిమ్మె. పడవను అడుగున, ఓడకు అతికించే చోట క్లిప్పు పట్టుకుంటుంది. పట్టుకున్న చోట రంగు పడదు గనక పట్టు కనబడని చోటే ఉండాలి. ముప్పై ఏళ్ళుగా అలాగే చేస్తున్నాడు. కానీ దిమ్మెలు చేర్చి, ఎత్తులు కొలిచి, పుల్లలు కోసింది మాత్రం ఈమధ్యే.

వానలు మొదలైన వారంలో కుడికంటి నడుమ మచ్చ పడింది. పదిరోజుల్లో చూపు పోయింది. ఇక రాదన్నాడు డాక్టరు. ఒంటికంటికి రంగు తెలుస్తుంది, గీత తెలుస్తుంది. కుంచెకూ పడవకూ మధ్య దూరం తెలియదు. ఆ దూరాన్ని ఇప్పుడు దిమ్మె చూసుకుంటోంది. సంగతి బయటపడితే యజమాని వెళ్ళిపొమ్మనడు. జాలిపడి, గేటు దగ్గర కుర్చీ వేయించి కూర్చోబెడతాడు. గీతలాయనకు భయం ఆ కుర్చీ అంటేనే.

బల్లకు అటువైపు గమ్ముతో ముక్కలు అతికించే ఆవిడ తలెత్తింది.

“అన్నయ్యా, మీరు ఆఖరిది గీసేసరికి మొదటిది పాతబడిపోతుంది.”

“నువ్వు ముందు ఆ గమ్ము ముక్కుకు అంటకుండా చూసుకో.”

మూడున్నరకల్లా పదకొండు పడవలూ ఓడెక్కాయి. నాలుగుకు పది నిమిషాల ముందే ఆఫీసరు వచ్చేశాడు. వెనకే వచ్చిన యజమాని చేతిలో కొత్త ఇనప స్టాండు ఉంది.

“బాబాయ్, దీని మీద గీయి. సార్ ఫోటో తీస్తారట. ఫోటోలో ఆ పుల్లలేం బావుంటాయి?”

“ఇప్పుడెందుకు మార్చడం?”

“ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఓసారి పట్టుకుంటే నువ్వే వదలవు.”

యజమానే పడవను చెక్క క్లిప్పు నుంచి తీసి ఇనపదానికి తగిలించాడు. మణికట్టు ఆనించడానికి ఏమీ లేదు. వేలికి గుంట లేదు. ఆఫీసరు ఫోను పైకెత్తాడు. గీతలాయన కుంచె ముంచి, మొన సవరించి, ఊపిరి బిగబట్టాడు. కుంచె ముందు నుంచి వెనక్కి పడవ పొడవునా నడిచింది.

పడవ తెల్లగానే ఉంది.

గీత గాల్లో గీశాడు. పడవ అంచు ఇంకా బియ్యపు గింజంత దూరంలో ఉంది.

“అదేంటి?” అన్నాడు ఆఫీసరు.

గీతలాయన కుంచెను అలాగే గాల్లో పట్టుకుని ఉన్నాడు.

“ముందు గాల్లో గీసి చూసుకుంటారు సార్,” అంది గమ్ము ఆవిడ. “ముప్పై ఏళ్ళ అలవాటు. మీకు తెలీదా బాబూ?” అని యజమాని వైపు తిరిగింది. “అయినా ఈ ఇనపది ఊగుతోంది. సార్ వచ్చిన పూట గీత వంకరపోతే పరువెవరిది?”

అంటూనే పడవను తీసి చెక్క క్లిప్పుకు పెట్టింది. దిమ్మెను తెచ్చి సరిగ్గా అతని మణికట్టు కిందికి తోసింది.

వేలు గుంటను వెతుక్కుంది. బిరడా తిరిగింది. పడవ ముక్కు దగ్గర మొదలైన గీత మళ్ళీ ముక్కు దగ్గరే కలిసింది. ఆఫీసరు ఫోటో తీసుకుని, యజమానితో కలిసి ఓడను చూడటానికి పక్కగదిలోకి వెళ్ళాడు.

“ఏ కన్ను?” అంది ఆవిడ గొంతు తగ్గించి.

“కుడిది. నీకెలా తెలుసు?”

“టీ గ్లాసు పెట్టేముందు బల్లను తడుముతున్నారుగా, నెల్లాళ్ళుగా.”

“ఎవరికైనా చెప్పావా?”

“నాకేం పనిలేదా?”

ఆఫీసరును పంపించి యజమాని తిరిగొచ్చాడు.

“పెట్టె నిండా తెప్పించా బాబాయ్, ఈ ఇనపవి. రేపట్నుంచి అన్నీ వీటి మీదే. ఆ పుల్లలు పారేయ్.”

ఆవిడ నోరు తెరిచింది. గీతలాయన ఆమె వైపు చూశాడు. నోరు మూసుకుంది.

“అయితే రేపట్నుంచి నేను రాను,” అన్నాడు.

“స్టాండు కోసమా? ఈ వయసులో అలకేంటి బాబాయ్?”

“అలకే అనుకో.”

“నాన్నతోనూ ఇంతే నువ్వు. మొండిఘటం. నాలుగు రోజులాగి నువ్వే వస్తావులే.”

యజమాని మొహంలో చిరాకు ఉంది. గీతలాయన పరీక్షగా చూశాడు. జాలి లేదు.

పదకొండు స్టాండ్లూ సంచిలో సర్దుకున్నాడు. చొక్కాకు చేతులు తుడుచుకుని, ఆవిడకు తలూపి, గుమ్మం దగ్గర మెట్టును కాలితో ఒకసారి తడిమి చూసుకుని దిగాడు.

పన్నెండో స్టాండు బల్ల మీదే ఉంది. పడవ మీద గీత ఇంకా తడిగా ఉంది గనక దాన్ని ఎవరూ కదపలేదు.