పూడికతీత గుమాస్తా గది

దివి తాలూకాలో తన సంతకం పడందే చుక్క నీరు కదలదని సాంబశివరావు చెప్పుకునేవాడు. ఆ సంతకానికి సిరా అయిపోతే బందరుకు ఇండెంటు రాసి మూడు వారాలు కూర్చోవాలన్న సంగతి మాత్రం చెప్పుకునేవాడు కాదు.

మోపిదేవికి దిగువన చిట్టిలంకలో కాలవ ఆఫీసు ఉంది. అతను అందులో గుమాస్తా. పొద్దున్నే గొళ్ళెం తియ్యడం, బల్ల దులపడం, నిన్నటి కాగితాన్ని రేపటి కట్టలో పెట్టడం. రోహిణి ఎండలకి ఆ మాత్రానికే ప్రాణం సొమ్మసిల్లిపోయేది.

ఆ ఆఫీసుకు గదులు మొలిచేవి. కొత్త పోస్టు మంజూరైన మర్నాటికల్లా, పునాదీ మేస్త్రీ లేకుండా, తడిసున్నం వాసనతో సహా ఓ గది లేచి ఉండేది. అయిదేళ్ళలో ఒకటి కాస్తా పదకొండయ్యాయి. వాకిట్లో మజ్జిగమ్మే ధనమ్మ ప్రతిసారీ కుండ నాలుగడుగులు జరుపుకుని, ఎవరికో ఉద్యోగమొచ్చినట్టుందే అనుకుని ఊరుకునేది.

ఏటా మృగశిర ముందు, కాలవకు నీళ్ళొదిలేలోగా, ఇంటికో మనిషి పార పట్టుకుని, పొలాలకు నీళ్ళు పారే బోదెలో దిగి పూడిక తీసేవారు. కుడిమరామత్తు అనేవారు దాన్ని. తాతలనాటి కట్టుబాటు. డప్పు మోగితే చాలు, ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేదు. ఆ ఏడు మాత్రం పైనుంచి ఉత్తర్వొచ్చింది. పూడిక సర్కారే తీయిస్తుంది, రైతులెవరూ బోదెలో పార పెట్టరాదు, పెడితే కేసు. ఉత్తర్వు వెనకాల పూడికతీత గుమాస్తా అనే పోస్టు, పోస్టు వెనకాల పన్నెండో గది. పోస్టు సాంబశివరావుకే దక్కింది. గది మాత్రం చోటు చాలక బోదెకు అడ్డంగా మొలిచింది.

పూడికకు ఎస్టిమేటు కావాలి, ఎస్టిమేటుకు కొలతలు కావాలి, కొలతలకు గొలుసు కావాలి. గొలుసు గుడివాడ నుంచి రావాలి. ఈలోగా నీళ్ళు పులిగడ్డ దాటి వచ్చేసి, గది గోడకు కొట్టుకుని, పిలవని పేరంటానికొచ్చినట్టు అక్కడే నిలబడ్డాయి.

బోదె చివర కృపావరం నారుమడి. భర్త పోయాక ఆ అరెకరం తనే చేసుకుంటోంది. నారు పసుపెక్కుతోంది. ఇంకో రెండ్రోజులు తడి తగలకపోతే ఆ ఏటికి పంట లేనట్టే, మళ్ళీ చల్లడానికి ఇంట్లో గింజ లేదు. మూడ్రోజులుగా వస్తోంది. సాంబశివరావు అర్జీ రాయించుకురమ్మంటాడు, రాయించుకొస్తే ఇంకో నకలు అడుగుతాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి చూసి విసిగిపోయారు.

నాలుగో రోజు ఆవిడతో పాటు రామబ్రహ్మం వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. సాంబశివరావుకి మేనమామ, పెంచినవాడూ ఆయనే. గట్టు మీద ఇరవై మంది పారలు పట్టుకుని ఊరికే నిలబడున్నారు.

సర్కారు మన మేలుకేగా మావయ్యా చేస్తోంది అని గొణిగాడు సాంబశివరావు.

"మేలుకేరా. కీడుకైతే ఈపాటికి పోట్లాడి తేల్చుకునేవాళ్ళం. పెద్దకాలవలు తవ్వమను, దొంగల్ని పట్టమను, కరకట్ట తెగితే రమ్మను, దణ్ణం పెడతాం. మా బోదెలో పార మాకొదిలెయ్యమను. మన పని మన చేతిలోంచి తీసుకున్నవాడు ఎంత ధర్మాత్ముడైనా, రేపు ఆ పని కోసం వాడి గుమ్మంలో నిలబడాల్సింది మనమే. ఈ గది లేచింది ఎవరి పన్నుతో? అడ్డం పడింది ఎవరి నీళ్ళకి?"

కృపావరం కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ కుడిమరామత్తు నాకు తెలీదేంటండీ. ఇంటికో మనిషన్నారు గాని, మీ ఇంటి మనిషిగా దిగిందెప్పుడూ మా ఆయనే."

గట్టు మీద నవ్వులు లేచాయి. నిజమేనమ్మా అని రామబ్రహ్మం తలొంచుకున్నాడు. అందుకే గదా ఈ ఏడు ఎవరింటి మనిషి వాళ్ళే దిగాలని ఊరంతా కూర్చుని ఒప్పుకున్నామన్నాడు. ఉత్తర్వు రాకపోతే దిగేవాళ్ళమే.

"బాబూ," అందావిడ సాంబశివరావుతో, "అర్జీలు నాలుగయ్యాయి. నా నారుకి చదువు రాదు."

అతను ఓ కాగితం లాక్కుని, పూడికతీత గుమాస్తా పోస్టు అనవసరమనీ, ఊరికి చేతులున్నాయనీ రాసి సంతకం పెట్టాడు. గది పైవాళ్ళ ఆమోదం కోసం ఆగలేదు. అతను కలం దించేలోగా గుమ్మం కిటికీ అంతైంది. స్టూలు చంకన పెట్టుకుని వంగి బయటపడ్డాడు. వెనకాల గది పిడికెడై, అదీ లేకుండా పోయింది.

కేసు రాసే గుమాస్తా లేడు గనక అందరూ బోదెలో దిగారు. రామబ్రహ్మం కూడా పంచె ఎగ్గట్టి దిగాడు. పొద్దు వాలేసరికి కృపావరం నారుమడి తడిసింది. సాంబశివరావు పాత పోస్టులో అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు. అంచేత అతనికిప్పుడు స్టూలు తప్ప ఉద్యోగం లేదు.

మోకాళ్ళదాకా బురదతో మేనమామ గట్టెక్కి, మిగిలిన నాలుగు బారలూ నువ్వు తియ్యరా అని పార అందించాడు. సాంబశివరావు అందుకోలేదు.

"ఆ ఉత్తర్వు పైవాళ్ళకి తట్టింది కాదు మావయ్యా. పూడిక సర్కారే తియ్యాలని ఊరి పేరున అర్జీ పెట్టింది నేనే."

"ఎందుకురా?"

అతను బోదెలోకి చూసి, ఓ అడుగు వెనక్కి వేశాడు.

"ఈ ఏడు మనింటి నుంచి నన్ను దిగమన్నావుగా. నాకు జలగలంటే భయం."