సలాడ్‌లో పడిన నూనె

పారిస్‌లో, నదికి ఎడమ గట్టున, ఒకప్పుడు గుర్రాలు కట్టేసిన కొట్టంలో రాగిరేకుల మీద చెక్కి కాగితం మీద బొమ్మలు అచ్చువేసే ఆ కార్ఖానా నడిచేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. దాని చరిత్ర ఎవరూ రాసిపెట్టలేదు. అదంతా గోడ మీదే ఉంది. చేయి జారో మతి తప్పో ఎవరి వల్లనైనా కొత్త పద్ధతి బయటపడితే, వాళ్ల రాగిరేకును గోడకు కొట్టి కింద పేరు రాసేవారు. యాసిడ్‌లో రేకు వదిలేసి కాఫీకి పోయిన అర్జెంటీనావాడిది ఒకటి. తడి లక్క మీద లేసు రుమాలు జారవిడిచిన నార్వే అమ్మాయిది ఇంకొకటి.

ఓడిల్‌ది ఒక్కటీ లేదు. చేరి మూడేళ్లయింది. ఓవెర్న్ కొండల్లో ఆవుల మధ్య పెరిగిన పిల్ల. రాగి మీద గీత గీస్తే నాగటిచాలులా తిన్నగా వచ్చేది. ఆమెకు తప్పు చేయడం చేతకాదు.

కార్ఖానా పెద్ద లెకోంబ్ వసంతంలో ఒకరోజు ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు. "బాగా చేస్తావమ్మా. బాగా చేసేవాళ్లు పారిస్ నిండా ఉన్నారు. ఇక్కడ బల్లలే తక్కువ. ఎండాకాలం సెలవులకి ముందు గోడ మీదకి ఏదైనా ఎక్కిస్తే సరే. లేదంటే ఈ బల్ల ఇంకొకరికి ఇస్తాను."

అది కిటికీ పక్క బల్ల. పొద్దుటి వెలుతురు సరాసరి రాగి మీద పడేది. అది పోతే ఇక ఊరే, అన్న కొట్టంలో పాలు పితకడమే.

అప్పటి నుంచి ఓడిల్ పూనుకుని తప్పులు చేసింది. రేకు మీద ఉప్పు చల్లింది. ఎడమ చేత్తో చెక్కింది. పక్క బల్ల లోరాంట్ చూసి చూసి అన్నాడు: "ఇవి తప్పులు కావు తల్లీ, వేషాలు." అతను హంగరీ మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ నీలం రంగే.

ఒక శుక్రవారం వంట ఓడిల్ వంతు వచ్చింది. రేకులు వేడిచేసే పొయ్యి మీదే వారానికోసారి అందరికీ భోజనం తయారయ్యేది. దానికి ఒకటే కట్టడి: వంటకు వంక పెట్టినవాడు పై వారం వండాలి. అందుకని ఏం వడ్డించినా కిక్కురుమనకుండా తినేవాళ్లు.

ఆ పొద్దున ఓడిల్ పసుపు రంగు కలుపుతూ సీసాలో అడుగున మిగిలిన నూనె మొత్తం అందులో ఒంపేసింది. గట్టి రోలరుతో రేకుకు పసుపు పట్టించి, ఆకుకూర కడగడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి లోరాంట్ తన మెత్తటి రోలరుతో ఆ రేకు మీదే నీలం దొర్లిస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"నాదే అనుకున్నా. రేకులన్నీ ఒకేలా ఉంటే నేనేం చేసేది?"

ఓడిల్ కసిగా రేకును ప్రెస్సు కింద తోసి చక్రం తిప్పింది. కాగితం లేపి చూస్తే పైభాగాలన్నీ పసుపు, లోతులన్నీ నీలం. ఒకదానిలో ఒకటి కలవలేదు. అప్పటిదాకా ఎన్ని రంగులు కావాలంటే అన్ని రేకులు చెక్కాల్సి వచ్చేది. ఇక్కడ ఒకే రేకు, ఒకే తిప్పు.

అందరూ మూగారు. "నీలం నాది," అన్నాడు లోరాంట్.

"రేకు నాది," అంది ఓడిల్.

"మళ్లీ చేయగలిగినవాళ్లదే గోడ," అన్నాడు లెకోంబ్. "ముందు అన్నం తిందాం."

ఓడిల్ పొయ్యి పక్కనున్న సీసా అందుకుని సలాడ్ కలిపింది. తను మాత్రం సలాడ్ ముట్టకుండా, రొట్టెముక్క కొరుకుతూ ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. మిగతావాళ్లు తలలు వంచుకుని నమిలారు. చాలాసేపు నమిలారు.

భోజనాలయ్యాక అలమారలోంచి రంగుల్లో వాడే అవిసె నూనె కొత్తది తీసి పసుపు కలిపింది. లోరాంట్ నీలం దొర్లించాడు. రెండు రంగులూ కలిసిపోయి కాగితం మీద బురద దిగింది. మళ్లీ చేసింది, మళ్లీ బురదే. ఇక చూసేదేమీ లేదన్నట్టు లెకోంబ్ మడిచిన చొక్కా చేతులు దించుకున్నాడు.

ఇక చేసేదేమీ లేక ఓడిల్ గిన్నెలు కడగడానికి కూర్చుంది. సలాడ్ గిన్నె ఎంత తోమినా జిడ్డు వదలలేదు. వేళ్ల మధ్య తీగలా సాగింది. అలా సాగేది ఆమెకు బాగా తెలుసు, రోజూ రేకుల మీద తుడిచేదే.

సలాడ్‌కని అమ్మ ఊరి నుంచి పంపిన అక్రోటు నూనె, కార్ఖానాలో కాచిన అవిసె నూనె, రెండూ ఉండేది పాత సారా సీసాల్లోనే. పొద్దున పసుపులో ఒంపింది అమ్మ పంపిన నూనె అయితే?

గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. "సలాడ్ ఎలా ఉంది?"

ఒకరు పైకప్పు వైపు చూశారు. ఒకరు గోళ్లు చూసుకున్నారు.

"బాగుందమ్మా," అన్నాడు లెకోంబ్.

"నా బల్ల ఉంటుందో పోతుందో దీన్నిబట్టే. ఒక్కరైనా నిజం చెప్పండి."

లోరాంట్ గట్టిగా నిట్టూర్చాడు. "కిటికీ అద్దాలకు పెట్టే లప్పంలా ఉంది. పళ్లు ఇంకా విడివడలేదు."

"పై వారం వంట నీదే," అన్నారు అందరూ ఒక్కసారి.

ఓడిల్ అప్పటికే వీధిలో ఉంది. మలుపులో బొగ్గులూ సారా అమ్మే ఆవిడది ఓవెర్నే, ఆమె దగ్గర అక్రోటు నూనె దొరుకుతుంది. ఆ పల్చటి నూనెతో కలిపిన పసుపు, పైనుంచి వచ్చిన చిక్కటి నీలాన్ని మళ్లీ దగ్గరకు రానివ్వలేదు. మూడోసారీ రానివ్వలేదు.

రేకు గోడకెక్కింది. ఓడిల్ తన పేరు రాసి, కింద "రోలరు లోరాంట్‌ది" అని కూడా రాసింది. ఆ పద్ధతి తర్వాత అర్జెంటీనా వెళ్లింది, జపాన్ వెళ్లింది. అక్రోటు నూనెతో పని లేదనీ, పల్చగా ఉంటే చాలనీ అక్కడివాళ్లు కనిపెట్టారు.

పై శుక్రవారం లోరాంట్ ఎర్రటి పులుసొకటి పెట్టాడు. ఓడిల్ కిటికీ పక్క తన బల్ల మీదే గిన్నె పెట్టుకుంది. లెకోంబ్ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఇందులో ఏమేం వేశావో చెబుతావా?"

"వంకా మాస్టారూ?"

"అబ్బే," అని ఆయన రెండో చెంచా ముంచాడు.